మేక తొడ, చికెన్ స్మోక్ చేయడానికి ఏ కట్టె కొనాలి?

తర్వాత చదివేవాళ్లకి పనికొస్తుందని మీ ప్రశ్నని కుదించి మళ్లీ రాస్తున్నాను. డాలస్ దగ్గర ఇల్లు, పెరట్లో 22 అంగుళాల కెటిల్ గ్రిల్, అంటే మూత ఉన్న గుండ్రటి బొగ్గు పొయ్యి. కట్టె పొగలో మెల్లగా వండుదామని (స్మోక్ చేయడమంటే అదే) హలాల్ షాపు నుంచి మేక తొడ, స్కిన్‌లెస్ చికెన్ తెచ్చారు. షాపులో హికరీ, మెస్కిట్, పెకాన్, ఆపిల్, చెర్రీ చెట్ల కట్టె సంచులు వరసగా ఉంటే, టెక్సస్ కదా అని మెస్కిట్ చిప్స్ (చిన్న పేళ్లు) కొన్నారు. అరగంట నానబెట్టి బొగ్గు మీద వేశారు, వేడి ఎక్కువవుతోందని గ్రిల్‌కి కిందా పైనా గాలి ఆడే వెంట్లు దాదాపు మూసేశారు, దట్టంగా తెల్ల పొగ వస్తుంటే బాగా పడుతోందని సంతోషించారు. తీరా చూస్తే మాంసం చేదు. దీనికి ఏ కట్టె సరైనది అన్నది మొదటి ప్రశ్న. పక్కింటివాళ్లు పీకేసిన పాత ఫెన్సు చెక్కలు వాడొచ్చా అన్నది రెండోది. గుంటూరు నుంచి వచ్చిన మీ నాన్నగారు చింతకట్టెని మించింది లేదంటున్నారు, నిజమేనా అన్నది మూడోది.

ఫెన్సు సంగతి ముందు తేల్చేస్తాను, అది రుచికి సంబంధించింది కాదు కాబట్టి. ఆ చెక్కలు ముట్టుకోకండి. ఇక్కడ ఫెన్సు అంటే ట్రీటెడ్ పైన్ అయినా అయి ఉంటుంది, సీడర్ అయినా అయి ఉంటుంది. 2003 చివరి వరకు అమెరికాలో ఇళ్ల పనులకి అమ్మిన ట్రీటెడ్ కలపకి ఎక్కువగా రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన మందు పట్టించేవారు. ఆ తర్వాత ఇళ్ల వాడకానికి దాన్ని ఆపేశారు గానీ, ఎండకి బూడిదరంగు తిరిగిన చెక్కని చూసి అది ఏ ఏడాదిదో చెప్పగలిగేవాళ్లు లేరు. కాల్చినంత మాత్రాన ఆర్సెనిక్ మాయమవదు. కొంత పొగలోకి, కొంత బూడిదలోకి వెళ్తుంది. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు, ఫర్నిచర్ షాపు రంపంపొట్టు, షాపుల వెనక పడేసిన ప్యాలెట్లు (సరుకు పేర్చే చెక్క చట్రాలు), ఇవన్నీ కూడా వద్దు. ప్యాలెట్ మీద హెచ్‌టీ ముద్ర ఉంటే వేడితో శుద్ధి చేశారని అర్థం, ఎంబీ ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే పురుగుల్ని చంపే విషవాయువు పట్టించారని. హెచ్‌టీ ముద్ర ఉన్నా సరే, దాని మీద దారిలో ఏం ఒలికిందో ఎవరికి తెలుసు?

ఒకవేళ అది మందు పట్టించని మామూలు సీడరే అయినా పనికిరాదు. పైన్, సీడర్, ఫర్, స్ప్రూస్, సైప్రస్ లాంటి చెట్లలో జిగురు ఎక్కువ. కాలితే మసి, టర్పెంటైన్ వాసన. జర్మనీలో బ్లాక్ ఫారెస్ట్ హ్యామ్‌ని ఫర్, స్ప్రూస్ పొగలోనే చేస్తారు కదా అని ఎవరో ఒకరు అడుగుతారు. నిజమే. కానీ అది వారాల తరబడి చల్లటి పొగలో ఆరబెట్టి, కాగితంలా కోసుకుని తినే ఉప్పు మాంసం. మన పద్ధతి అది కాదు.

ఇక చేదు సంగతి. మెస్కిట్ ఘాటు కట్టే, కానీ మొత్తం నేరం దానిది కాదు. మీరు ఆపిల్ కొని అదే పని చేసి ఉన్నా చేదు వచ్చేది.

కట్టెలో ప్రధానంగా ఉండేవి సెల్యులోజ్, హెమీసెల్యులోజ్, లిగ్నిన్. మొదటి రెండూ కాలినప్పుడు కాస్త తీపి వాసన, మాంసం పైన గోధుమ రంగు వస్తాయి. మనం పొగ రుచి అనుకునేది ఎక్కువగా లిగ్నిన్ విరిగినప్పుడు పుట్టే గ్వాయకాల్, సిరింగాల్ అనే పదార్థాల వల్ల. ఇవి శుభ్రంగా రావాలంటే కట్టెకి తగినంత వేడి, తగినంత గాలి రెండూ అందాలి. కట్టె తడిగా ఉన్నా, గాలి ఆడకపోయినా సరిగ్గా మండక కుమిలిపోతుంది. అప్పుడు వచ్చే దట్టమైన తెల్ల పొగలో తారు, మసి ఉంటాయి. అవే మాంసం మీద పేరుకుని నాలుకని మొద్దుబారుస్తాయి. బాగా మండే కట్టె పొగ దాదాపు కనపడదు, వెనక ముదురు రంగు గోడో చెట్టో ఉంటే లేత నీలంగా తెలుస్తుంది. నేనైతే ఏ కట్టె అన్నది మూడో ప్రశ్నగానే చూస్తాను. కట్టె ఆరిందా అన్నది మొదటిది, నిప్పుకి గాలి ఆడుతోందా అన్నది రెండోది.

చిప్స్ నానబెట్టమని సంచి మీదే రాసి ఉంటుంది, అయినా ఆ మాట వినకండి. ఆరిన కట్టె అరగంటలో పీల్చుకునే నీళ్లు చాలా తక్కువ, పైపైన తడుస్తుందంతే. ఆ తడి ఆవిరయ్యేదాకా కట్టె 100 డిగ్రీల సెల్సియస్ దాటదు కాబట్టి అసలైన పొగ మొదలవదు. ఈలోపు కింద బొగ్గు చల్లారుతుంది. గాలి కూడా ఆపేశారు కదా, ఇంకేముంది.

అసలు కెటిల్‌కి చిప్స్ కన్నా చంక్స్ మేలు, అంటే పిడికిలి సైజు ముక్కలు. చిప్స్ భగ్గున అంటుకుని కొద్ది నిమిషాల్లో అయిపోతాయి, మళ్లీ మళ్లీ మూత తీసి వేయాలి. స్ప్లిట్స్ అనే పొడుగాటి చీల్చిన కట్టెలు, పక్కన నిప్పుకి వేరే పెట్టె (ఫైర్‌బాక్స్) ఉండే ఆఫ్‌సెట్ స్మోకర్లకి, అక్కడ వేడి కూడా కట్టె నుంచే రావాలి. మీ గ్రిల్‌లో వేడి బొగ్గుది, కట్టె వాసనకి మాత్రమే. కట్టెపొట్టు గుళికలతో నడిచే పెల్లెట్ గ్రిల్ వాడేవాళ్లు సంచి మీద పెద్దక్షరాలు కాక చిన్నక్షరాలు చదవండి. చెర్రీ అని రాసి ఉన్నా చాలా సంచుల్లో ఎక్కువ భాగం ఓకో ఆల్డరో ఉంటుంది.

కట్టె ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది? సంచుల్లో దొరికే కిల్న్ డ్రైడ్ (బట్టీలో ఆరబెట్టిన) చంక్స్‌తో పెద్ద ఇబ్బంది ఉండదు. రోడ్డు పక్కన ట్రక్కులో అమ్మేవి, పక్కింట్లో చెట్టు కొట్టేస్తే దొరికేవి మాత్రం చూసుకోవాలి. తేమ 15 నుంచి 20 శాతం మధ్య ఉంటే మంచిది. మాయిశ్చర్ మీటర్ చవకే, కానీ ముక్కని మధ్యకి చీల్చి లోపలి వైపు గుచ్చి చూడాలి. బయట ఎప్పుడూ ఆరినట్టే చూపిస్తుంది. మీటర్ లేకపోతే రెండు ముక్కలు ఒకదానికొకటి కొట్టండి. ఆరినవి ఠంగుమంటాయి, పచ్చివి దబ్‌మంటాయి. కొసల్లో మధ్య నుంచి అంచుకి పగుళ్లు వచ్చి ఉండాలి, బెరడు గోటితో లాగితే ఊడిరావాలి, సైజుకి తగ్గ బరువు లేకుండా తేలిగ్గా అనిపించాలి. పచ్చి ఓక్ చీల్చి పేర్చాక ఆరడానికి ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు. బూజు పట్టిన ముక్కలుంటే దులిపి వాడదామనుకోకుండా పారేయండి. ఇంకో మాట, టెక్సస్‌లో ఓక్ విల్ట్ అనే శిలీంధ్ర తెగులు ఉంది. తెగులుతో చచ్చిన రెడ్ ఓక్ కట్టెని పచ్చిగా ఇంటికి తెచ్చి పేర్చుకుంటే మీ వీధి ఓక్ చెట్లకి కూడా అంటుకోవచ్చు. ఎక్కడిదో తెలియని కట్టె తేకపోవడమే మంచిది.

కెటిల్‌లో పెట్టే పద్ధతి కూడా చెప్తాను, ఇది కుదరకపోతే ఏ కట్టె కొన్నా ఒకటే. బ్రికెట్స్‌ని (అచ్చు పోసిన బొగ్గు బిళ్లల్ని) గ్రిల్ అంచు వెంట సగం చుట్టు దాకా రెండేసి పక్కపక్కన, వాటి మీద మళ్లీ రెండేసి పేర్చండి. దీన్ని ఇక్కడ స్నేక్ అంటారు. ఒక కొసన బాగా రాజుకున్న బ్రికెట్స్ ఎనిమిదో పదో పెడితే నిప్పు అక్కడి నుంచి మెల్లగా పాకుతూ పోతుంది. రాజేయడానికి లైటర్ ఫ్లూయిడ్ వద్దు, చిమ్నీ స్టార్టర్ (బొగ్గు రాజేసే రేకు గొట్టం) వాడండి. కట్టె ముక్కల్ని స్నేక్ మొదటి సగంలోనే బెత్తెడు దూరానికి ఒకటి చొప్పున బొగ్గులో కొంచెం దిగేలా కూర్చోబెట్టండి. మాంసం నిప్పుకి ఎదురు వైపు, పై వెంట్ సరిగ్గా మాంసం మీదికి వచ్చేలా మూత తిప్పండి. పై వెంట్ పూర్తిగా తెరిచే ఉండాలి. వేడి పెంచాలన్నా తగ్గించాలన్నా కింది వెంట్‌తోనే.

నిప్పు అంటుకోగానే మాంసం పెట్టేయకండి. మొదటి ముక్క రాజుకునేటప్పుడు కాసేపు తెల్ల పొగ తప్పదు. అది పలచబడ్డాక పై వెంట్ దగ్గర పొగని చేత్తో ముక్కు వైపు విసురుకుని చూడండి. కళ్లు మండి గొంతు పట్టేస్తే ఇంకా ఆగాలి. తినాలనిపించే వాసన వస్తే మాంసం పెట్టొచ్చు. ఇదంతా బయటే. వానొచ్చిందని గ్యారేజీలోకి లాగకండి, తలుపు ఎత్తి ఉన్నా కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం ఉంది. అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో బొగ్గు గ్రిల్ పెట్టడానికి చాలా ఊళ్ల ఫైర్ కోడ్ ఒప్పుకోదు.

ఇప్పుడు కట్టెల గురించి. టెక్సస్ అంటే మెస్కిట్ అనేది సగం నిజమే. లాక్‌హార్ట్, టేలర్ లాంటి మధ్య టెక్సస్ ఊళ్లలో జర్మన్, చెక్ వలసదారుల మాంసం దుకాణాల నుంచి పెరిగిన బార్బిక్యూకి కట్టె పోస్ట్ ఓక్. తూర్పున హికరీ ఎక్కువ. పశ్చిమాన, దక్షిణాన మెస్కిట్. అక్కడ దొరికేది అది, అంతే. టెక్సస్‌లోనే లానో అనే ఊరి వైపు మెస్కిట్ వాడే తీరు చూస్తే మీకు చేదు ఎందుకొచ్చిందో తెలిసిపోతుంది. కట్టెని వేరే గుంటలో పూర్తిగా మండించి, ఎర్రటి నిప్పులయ్యాక పారతో తెచ్చి మాంసం కింద పోస్తారు. ఘాటు పొగంతా ముందే పోతుంది. మెస్కిట్ నిప్పుల మీద కాల్చడం వేరు, ఇంకా నిప్పులవ్వని మెస్కిట్ పొగలో గంటల తరబడి ఉంచడం వేరు.

మీకు నా సలహా పెకాన్. 1919 నుంచి టెక్సస్ రాష్ట్ర వృక్షం అదే, డాలస్ చుట్టుపక్కల ఎక్కడైనా దొరుకుతుంది. హికరీకి దాయాది, కానీ హికరీ అంత గట్టిగా మీద పడదు. మేకకీ కోడికీ రెండిటికీ కుదురుతుంది. దొరక్కపోతే పోస్ట్ ఓక్, దానితో ఏదీ పాడవదు. హికరీ పంది మాంసానికి, బేకన్‌కి పేరున్న కట్టె. మేకకి వాడొచ్చు గానీ చెయ్యి బిగపట్టుకుని వేయాలి. ఆపిల్, చెర్రీ, పీచ్ తేలిక. చెర్రీతో మాంసానికి ముదురు ఎరుపు రంగు బాగా వస్తుంది. ఆల్డర్ చేపకి, అమెరికా వాయవ్యాన సాల్మన్‌కి తరతరాలుగా అదే. ఇంటర్నెట్‌లో ఆపిల్‌కీ పీచ్‌కీ మధ్య తేడా గురించి పేజీలు పేజీలు రాస్తారు. మసాలా రాసిన మాంసం మీద కళ్లు మూసుకుని ఆ రెండూ వేరుగా పోల్చుకునేవాళ్లని నేనింకా చూడలేదు. ఘాటు నుంచి తేలిక దాకా మెస్కిట్, హికరీ, ఓక్, పండ్ల చెట్లు, ఈ నాలుగు మెట్ల తేడా తెలిస్తే చాలు.

మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సింది మసాలా గురించి. అమెరికన్ రెసిపీలు ఉప్పు, మిరియాల మీద నడుస్తాయి, వాటికి పొగే మసాలా. మనం అల్లం వెల్లుల్లి, ధనియాలు, గరం మసాలా దట్టించి ఆ మీద పొగ పెడతాం. లవంగానికి ఆ వాసన ఇచ్చే యూజినాల్, పొగలోని గ్వాయకాల్ దగ్గర బంధువులు. పైగా కట్టె కాలినప్పుడు కూడా కొంత యూజినాల్ పుడుతుంది. లవంగం ఎక్కువైన మసాలాకి ఘాటు కట్టె తోడైతే మాంసం పళ్ల డాక్టర్ గదిలా వాసనేస్తుంది. లవంగం, జాజికాయ తగ్గించండి. ధనియాలు, మిరియాలు, ఎండుమిరపకాయల కారం పొగతో బాగా కలుస్తాయి.

చికెన్ విషయంలో ఇంకో చిక్కు. హలాల్ షాపుల్లో తోలు తీసి ఇస్తారు. తోలు లేని మాంసానికి పొగ నేరుగా అంటుకుంటుంది. పెరుగులో నానబెట్టి తెచ్చి తడిగా పెడితే ఇంకా ఎక్కువ పడుతుంది, చల్లటి తడి మాంసమే పొగని బాగా పట్టుకుంటుంది కాబట్టి. అందుకని తోలున్న కోడికి రాసిన కొలతలో సగం కట్టె చాలు, ఒక్క ముక్క పెకానో ఆపిలో. వేడి కూడా 225 ఫారెన్‌హీట్ దగ్గర పెట్టి గంటలు గంటలు ఎండబెట్టకండి. 300 (దాదాపు 150 సెల్సియస్) దగ్గర త్వరగా కానిచ్చి, లోపల 165 (74 సెల్సియస్) రాగానే తీసేయండి. ఇంత వేడికి స్నేక్ చాలదు, చిమ్నీ నిండా రాజేసిన బొగ్గుని ఒక పక్కకి పోసుకోండి.

మేక తొడలో కొవ్వు తక్కువ. వీలైతే జబ్బ భాగం అడగండి, పొగలో అదే బాగుంటుంది. తొడే ఉంటే 250 ఫారెన్‌హీట్ (121 సెల్సియస్) దగ్గర రెండు మూడు ముక్కల పెకాన్‌తో రెండు రెండున్నర గంటలు ఉంచి, రంగు పట్టాక ట్రేలో ఉల్లిపాయ ముక్కలు, కాస్త ఎముకల రసం పోసి ఫాయిల్‌తో గట్టిగా మూయండి. లోపల 195 నుంచి 200 ఫారెన్‌హీట్ వచ్చేసరికి ఎముక నుంచి విడిపోతుంది. మూశాక ఇంకా కట్టె వేయడం దండగ, ఓవెన్‌లోకి మార్చినా రుచిలో తేడా రాదు. కోసినప్పుడు అంచున గులాబీరంగు చార కనిపిస్తే పొగ బాగా పట్టిందని ఫొటోలు పెడుతుంటారు. అది పొగలోని వాయువులు మాంసానికి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్‌తో కలిసినందువల్ల వచ్చే రంగు, రుచికి కొలబద్ద కాదు.

ఇక మీ నాన్నగారి చింతకట్టె. ఆయన మాటలో నిజం ఉంది. చింతనిప్పులకున్న వేడి, నిలకడ చాలా కట్టెలకి లేవు. అయితే అది కూడా మెస్కిట్ లాగే నిప్పుల కట్టె. బాగా మండించి నిప్పులయ్యాక దాని మీద కాల్చుకోవాలి, పొగ కోసం ఒక చిన్న ముక్క చాలు. ఇక్కడికి సూట్‌కేసులో తెచ్చే ఆలోచన మాత్రం వద్దు, కట్టెలకి ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లు ఒప్పుకోరు.

హైదరాబాద్, విజయవాడల నుంచి ఇదే అడిగేవాళ్లకి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆన్‌లైన్‌లో హికరీ చిప్స్ అంత ఖరీదు పెట్టి తెప్పించుకోనక్కర్లేదు. హవాయిలో మాంసం స్మోక్ చేసేవాళ్లు ఇష్టంగా వాడే కట్టెల్లో జామ ఒకటి. ఆరిన జామకట్టె ఊళ్లో తోట ఉన్నవాళ్లని అడిగితే ఊరికే ఇస్తారు, తేలిక పొగ, కోడికి బాగుంటుంది. హవాయిలోనే కియావే అనే ఇంకో కట్టె ఉంది. అదీ, టెక్సస్ మెస్కిట్, మన చెరువుగట్ల మీద పెరిగే సర్కారు తుమ్మా ఒకే కుటుంబం చెట్లు. మనవైపు బొగ్గుల బట్టీల్లో కాల్చేది చాలావరకు ఆ తుమ్మే. మెస్కిట్‌కి చెప్పిన జాగ్రత్తలన్నీ దానికీ వర్తిస్తాయి. సరుగుడు నిప్పులకి మంచిది. కొబ్బరిచిప్పల బొగ్గు వేడికి వాడుకుని పైన ఒక జామ ముక్క వేస్తే చాలు. మామిడికట్టె జిగురు కొందరికి పడదు, జామ ఉండగా దాని జోలికి నేను పోను. జీడిమామిడి అసలే వద్దు. వేప చేదు, నీలగిరి నూనె వాసన. గన్నేరు, పచ్చగన్నేరు విషం, పుల్లగా కూడా వాడకూడదు. అడితిలో కొనేటప్పుడు ఏ కట్టో అడగండి. వంటచెరుకు అని కలిపి అమ్మే మోపులో ఏముందో తెలియకపోతే తీసుకోవద్దు.

ఆరోగ్యం గురించి కింద ఇంకొకరు అడిగారు. ఉప్పు, పొగ లాంటి వాటితో నిలవ చేసే ప్రాసెస్డ్ మాంసాన్ని 2015లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల జాబితాలో మొదటి వర్గంలో చేర్చింది. నిప్పుల మీద కొవ్వు కారి మండే పొగలో పీఏహెచ్‌లనే హానికర పదార్థాలు ఎక్కువ. కొవ్వు నిప్పు మీద పడకుండా మాంసం కింద నీళ్ల ట్రే పెట్టుకోండి. ఇది వారం వారం వంట కాకుండా పండగ వంటగా ఉంచుకోవడమే నాకు సబబుగా తోస్తుంది.

మీ దగ్గరున్న మెస్కిట్ సంచి పారేయనక్కర్లేదు. రొయ్యలు, చేప ముక్కలు, పలచటి మటన్ చాప్స్ లాంటి పది నిమిషాల్లో అయిపోయే వాటికి ఎర్రటి బొగ్గు మీద గుప్పెడు చిప్స్ పొడిగానే వేసి, వెంట్లు బార్లా తెరిచి కాల్చుకోండి. అంతసేపట్లో చేదెక్కే అవకాశం లేదు, మెస్కిట్ ఘాటు వాటికి బాగా నప్పుతుంది కూడా.